ఎడమ చేతి మీద కాకి

ఒక మెట్ట ప్రాంతంలో బెదురుబొమ్మలు చేసేవాడొకడు ఉండేవాడు. చుట్టూ నలభై ఊళ్ళ జొన్నచేలల్లో నిలబడేవి అతని బొమ్మలే.

బొమ్మకు వెదురు ఎముకలు, గడ్డి ఒళ్ళు, బోర్లించిన కుండ తల. అంతవరకు ఎవరైనా చేస్తారు. అతని పనితనమంతా కుండ వెనక ఉండేది. అక్కడ తాటాకుతో చేసిన గిరక ఒకటి గాలికి తిరిగేది. గిరకకు కట్టిన పురితాడు బొమ్మ ఎడమ చేతి మీదుగా వెళ్ళి, మణికట్టు దగ్గర ఒక రంధ్రంలో దూరి, కింద వేలాడే రెండు వెదురు చెక్కలను లాగి వదిలేది. గాలి వీచినంతసేపూ చెక్కలు టకటకమనేవి. చెయ్యి లేచి పడేది. దూరం నుంచి చూస్తే, చేలో ఎవరో కోపిష్టి మనిషి నిలబడి అదిలిస్తున్నట్టే ఉండేది.

తాడు ఎడమ చేతికే ఎందుకు అని అతను ఎన్నడూ ఆలోచించలేదు. తండ్రి అలా కట్టాడు. తండ్రికి తాత చెప్పాడు: "కుడిచెయ్యి అన్నం పెట్టే చెయ్యి. పిట్టనైనా ఆ చేత్తో అదిలించకూడదు." అందువల్ల అతని బొమ్మల కుడిచేతులకు ఏ పనీ ఉండేది కాదు. అరచెయ్యి పైకి తిరిగి, ఎవరికో ఏదో ఇవ్వబోతున్నట్టు గాలిలోకి చాచి ఉండేవి.

బొమ్మను అప్పగించేటప్పుడు అతను ఒక మాట ఇచ్చేవాడు. దాని గుండె మీద మూడుసార్లు తట్టి, "ఇది నిలబడ్డ చేలో పిట్ట వాలదు" అనేవాడు. ఆ మాట నమ్మి, పిట్టలను తోలడానికి చేలల్లో కట్టుకున్న మంచెలను జనం ఒక్కొక్కటిగా విప్పేశారు.

అతని ఇంటి వెనక గట్టు ఎక్కితే ఒక చేను కనిపిస్తుంది. రెండెకరాల కౌలు చేను. చేసుకునేది ఒంటరి ఆడమనిషి. బొమ్మ తీసుకున్న రోజున ఆమె అడిగింది.

"అన్నా, నేను పొద్దున లేచి కూలికి పోతే గాని నాకు గడవదు. పగలంతా చేను ఒంటరిగా ఉంటది. నిజంగా మంచె విప్పేయమంటావా?"

"విప్పేయి చెల్లెమ్మా. ఆ కర్రలతో కోళ్ళగూడు కట్టుకో."

ఆమె కోళ్ళగూడు కట్టుకుంది. వచ్చే ఏడాది కూడు, విత్తనం, రెండూ ఆ రెండెకరాల్లోనే ఉన్నాయి. వాటికి కాపలా ఒక కుండ తల.

జొన్న ఇంకా పొట్ట మీద ఉండి కంకి బయటికి రాని రోజుల్లో, ఒక మధ్యాహ్నం, అతని పెరట్లో ఆరబెట్టిన బొమ్మ మీద ఒక కాకి వాలింది. ఎడమ చేతి మీద, సరిగ్గా మణికట్టు దగ్గర. చెక్కల చప్పుడు ఆగిపోయింది. అతను మట్టిబెడ్డ విసిరాడు. కాకి ఎగిరిపోయింది. మర్నాడు అదే వేళకు వచ్చి అదే చోట కూర్చుంది. మళ్ళీ నిశ్శబ్దం. ఈసారి అతను బెడ్డ పట్టుకుని విసరకుండా ఆగాడు. కాకి అతన్నే చూస్తోంది. పైకెగిరింది, చెక్కలు మోగాయి. వాలింది, ఆగాయి. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ వాలింది. బడిలో పంతులు పలక మీద అక్షరాన్ని రెండోసారి దిద్ది చూపినట్టు.

కాకి మాట అతనికి ఎలా అర్థమైందని అడగనవసరం లేదు. తన పనిలోని తప్పును గురించి ఎవరు ఏ భాషలో మాట్లాడినా మనిషికి అర్థమవుతుంది. అర్థం కానట్టు ఉండటమే కష్టం.

"నా బరువుకు చెయ్యి అంగుళం వంగుతుంది," అంది కాకి. "రంధ్రం అంచున తాడు బిగుసుకుంటుంది. గిరక ఆగుతుంది. ఒకరు ఇక్కడ కూర్చుంటే చాలు, తక్కినవాళ్ళు చేనంతా తినవచ్చు."

"పోవే నల్లమొహమా. దొంగ మాటలూ నువ్వూనూ."

"దొంగదారి గురించి దొంగ కాక దొర చెబుతాడా?"

"ఎవరు పంపారు నిన్ను? పక్క ఊరి బొమ్మలవాడేనా?"

"వాడి బొమ్మల మీద ఎక్కడ కూర్చున్నా ఫరవాలేదు. అవి మోగవు," అంది కాకి. "నువ్వు పిట్ట వాలదన్నావు. నిజమా అని చూశాను. ఊరికే, తెలుసుకోవాలనిపించింది."

"తెలుసుకున్నావుగా. ఇక నోరు మూసుకో."

కాకి కాసేపు ముక్కును వెదురుకు రాసుకుంది. "నేనొకదాన్నే మూసుకుంటే సరిపోతే మూసుకునేదాన్నే. కంకిలో పాలు నిండే వేళకు చిలకల గుంపులు దిగుతాయి. వాటిలో ఏదో ఒకటి రెక్కలు అలసి ఇక్కడ వాలుతుంది. దానికి నా అంత తెలివి అక్కర్లేదు. ఇంకా ఇరవై రోజులుంది. ఈలోగా ఏదైనా చెయ్యి. ఇరవయ్యో రోజున చేలవాళ్ళ దగ్గరికి నేనే పోయి అరుస్తాను."

"అరిస్తే చిలకలూ వింటాయి."

"వింటాయి. అందుకే ముందు నీ దగ్గరికి వచ్చాను."

అతను ఆ రోజు అన్నం సరిగా తినలేదు. రాత్రంతా దొర్లి, తెల్లారేసరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. పెరటి బొమ్మ ఎడమ మణికట్టు చుట్టూ, కంటికి ఆనకుండా, గుర్రపు వెంట్రుకల ఉచ్చు కట్టాడు. చాలా చక్కని ఉచ్చు. తన జీవితంలో అంత ఓపికగా అతను ఏ ముడీ వేసి ఉండడు.

అయిదు రోజులు కాకి రాలేదు. ఆరో రోజున వచ్చి వాలింది. అరుపులు, రెక్కల కొట్టుకులాట. అతను కర్ర తీసుకుని పరుగెత్తేసరికి కాకి ఉచ్చులోనుంచి పెనుగులాడి బయటపడింది. ఒక కాలివేలు మాత్రం ఉచ్చులోనే మిగిలింది.

భార్య గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "ఏమయ్యా, కాకిని పట్టే ముడి వేశావు. కాకి వాలినా ఆగని ముడి వేయడం నీకు చేత కాలేదా?"

అతను ఉచ్చు దగ్గరికి వెళ్ళాడు. ఉచ్చులోని వేలిని విప్పి చూశాడు. నల్లటి చిన్న వేలు, చివర వంకర గోరు. దాన్ని ఎక్కడ పారెయ్యాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకుని, చివరికి పెరటి చెట్టు మొదట్లో పూడ్చాడు.

ఎనిమిదో రోజున కాకి వచ్చింది. పెరట్లోకి కాదు, చూరు మీదికి. ఒంటికాలి మీద బరువు వేసి కూర్చుంది.

"ఇంకా పన్నెండు రోజులుంది," అంది.

అతను తలెత్తాడు. "నీకు కోపం రాలేదా?"

"వచ్చింది. నా కోపానికి కంకి ఆగదు కదా."

అప్పుడు అతను మొదటిసారి, మొదటి రోజునే అడగవలసిన మాట అడిగాడు. "ఏం చేస్తే ఆగకుండా ఉంటుంది?"

"నాకేం తెలుసు? బొమ్మలు చేసేవాడివి నువ్వు. ఎక్కడ ఆగుతుందో మాత్రం నేను చూస్తాను."

ఆ తరువాతి నాలుగు రోజులు ఆ పెరట్లో జరిగింది చూసినవాళ్ళు అతనికి మతి చలించిందనే అనుకున్నారు. అతను మణికట్టుకు తుమ్మముళ్ళు కట్టాడు. కాకి ముళ్ళ మధ్య మిగిలిన కాలివేళ్ళను ఒక్కొక్కటిగా సర్ది కూర్చుని, "ఇంకా?" అన్నట్టు చూసింది. ముదురు వెదురు వేసి చెయ్యి వంగకుండా చేశాడు. కాకి పైకెగిరి బలంగా దూకింది, చెయ్యి వంగింది. "రెండు చిలకలు కలిసి వాలితే ఇంతే," అంది. అతనికి కోపం రాకపోవడం అతనికే వింతగా ఉంది. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనిని ఇంత దగ్గరగా చూసింది ఇప్పుడేనని అతనికి తోచింది.

నాలుగో రోజున తాడును చేతి మీది నుంచే తీసేశాడు. గిరక నుంచి మెడ మీదుగా, గడ్డి రొమ్ము లోపలినుంచి దింపి, చెక్కలను నడుము దగ్గర వేలాడదీశాడు. చేతులు రెండూ ఒకే అడ్డకర్ర కాబట్టి, దేని మీద బరువు పడినా ఒళ్ళంతా కదిలి చెక్కలు ఇంకా గట్టిగా కొట్టుకుంటాయి. కాకి వాలింది. బొమ్మ ఒక్కసారిగా టకటకమని దద్దరిల్లింది. కాకి కావుమని కేకవేసి పక్కనున్న పెంటకుప్ప మీద పడింది. కాసేపు ఎటో చూస్తూ ఈకలు సర్దుకుంది.

అతని భార్య నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇంతేనా పని?"

"ఇంతే. ఒక ముడి విప్పి ఇంకో ముడి వేయడమే. తమలపాకు నమిలేంతసేపు."

ఆ రోజు నుంచి చేసే బొమ్మలన్నిటికీ అతను తాడు మెడ మీదుగానే వేశాడు. మూడు రోజులు మనసు తేలికగా పనిచేసుకున్నాడు. నాలుగో రోజు ఉదయం భార్య వెదురు అందిస్తూ అడిగింది.

"కొత్తగా కొనేవాళ్ళేనా నీకు చుట్టాలు? చేలల్లో ఉన్న బొమ్మల సంగతేంటి?"

"చెబితే ఏమంటారే? మూడు తరాల పేరు."

"పేరు చేలో నిలబడి పిట్టల్ని తోలుతుందా?"

"నలుగురిలో చెబితే చిలకలు వింటాయి."

"చిలకలు వింటాయని మనుషులకు చెప్పవు. మరి మనుషులెప్పుడు వినాలయ్యా?"

ఆ రోజు సంత. నలభై ఊళ్ళ జనమూ వచ్చే సంత. అతను ఒక పాత బొమ్మను భుజాన వేసుకుని వెళ్ళి, బోర్లించిన గంప మీద నిలబడ్డాడు.

"నా బొమ్మల్లో తప్పుంది," అన్నాడు.

మొదట ఎవరూ వినలేదు. రెండోసారి అన్నాడు.

"ఏం బావా, ఎండ తగిలిందా?" అన్నారెవరో.

"నీ బొమ్మ నిన్నే బెదిరించిందా ఏంటి?"

అతను బొమ్మను నిలబెట్టి, ఎడమ మణికట్టు మీద చెయ్యి ఆనించాడు. చెక్కలు ఆగాయి. సంతలో నవ్వు కూడా ఆగింది. ఒక ముసలి రైతు గుంపును తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"వారం రోజులుగా నా చేలో పిట్టలు పడుతున్నాయిరా," అన్నాడు. "నా రాత అనుకున్నాను. బొమ్మని అనుమానిస్తే పాపమనుకున్నాను."

ఆ మాట అతనికి తిట్టు కంటే గట్టిగా తగిలింది. ముడి ఎలా విప్పాలో, ఎలా వేయాలో అందరికీ మూడేసిసార్లు చూపించాడు.

"ఇన్నేళ్ళకు ఎలా కనిపెట్టావు?" అని అడిగారు.

నేనే కనిపెట్టాను అనవచ్చు. అవమానం సగమయ్యేది. అతను "ఒక కాకి చెప్పింది," అన్నాడు.

సంత సంతంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు అతనికి తెలియకుండానే ఒక మేలు చేసింది. కాకి మాట విని ముడులు విప్పుకుంటున్న పిచ్చివాడి కథను జనం దారి పొడుగునా చెప్పుకుంటూ పోయారు. కథతో పాటు ముడి కూడా పోయింది. పొద్దు వాలేలోగా సగం ఊళ్ళలో బొమ్మల మెడల మీదికి తాళ్ళు మారాయి.

మిగిలిన ఊళ్ళకు అతనే నడిచాడు. నాలుగు రోజులు ఉదయం నుంచి సాయంత్రం దాకా. సంతకు రానివాళ్ళ చేలు, విన్నా నమ్మనివాళ్ళ చేలు, "మా బొమ్మ మంచిదేలే" అన్నవాళ్ళ చేలు. అందరి దగ్గరా నిలబడి అదే మాట చెప్పాడు. చెప్పేకొద్దీ ఆ మాట బరువు తగ్గుతూ వచ్చింది.

కూలి మానుకోలేక ఆ రోజు సంతకు రానివాళ్ళలో గట్టు అవతలి ఆడమనిషి కూడా ఉంది. అందరి చేలకంటే దగ్గర చేను ఆమెది. అందరికంటే చివర ఆమె దగ్గరికి వెళ్ళాడు.

అది ఇరవయ్యో రోజు. గట్టెక్కేసరికి చెక్కల చప్పుడు వినపడలేదు. చేను మీద ఆకాశం పచ్చగా ఉంది. చిలకల గుంపు. వాటికి ఎవరూ చెప్పలేదు. ముందురోజు వాటిలో ఒకటి రెక్కలు అలసి మణికట్టు మీద వాలింది, అంతే. ఇప్పుడు ఆ చోటున వేలు తెగిన కాకి కూర్చుని ఉంది.

కాకి ఇచ్చిన మాట తప్పి చిలకలకే చెప్పిందన్నదే అతనికి వచ్చిన మొదటి ఆలోచన. పాత కోపం ఒక్కసారి తల ఎత్తింది. తరువాత సరిగా చూశాడు. ఒక చిలక మణికట్టు వైపు దూసుకొచ్చింది. కాకి అరుస్తూ దాని మీదికి లేచింది, తరిమి, మళ్ళీ వచ్చి అదే చోట కూర్చుంది. గాలి లేక బొమ్మ మూగగా నిలబడి ఉంది. ఆ కావుకావు తప్ప చేనుకు ఇంకో కాపలా లేదు.

ఆమె గట్టు కింద కొంగు నడుముకు దోపుకుని, చేతినిండా మట్టిబెడ్డలతో నిలబడి ఉంది. అతన్ని చూసి చెయ్యి దించింది.

"పొద్దున్నుంచి మా ఇంటి మీద ఒకటే అరుపు. ఈ కాకే. ఏ చుట్టమొస్తాడో అనుకుని ఒక గిద్దెడు నూకలు ఎక్కువే పోశాను. లోపలికి రాదు, పోదు. దాని వెంట వచ్చి చూద్దును కదా, చేను ఇట్లా ఉంది." ఊపిరి తీసుకుంది. "చుట్టానివి నువ్వా అన్నా?"

అతను చేలోకి నడిచాడు. ముడి విప్పి, తాడును మెడ మీదికి వేసి, చెక్కలను నడుముకు దించాడు. తమలపాకు నమిలేంతసేపు. కాకి లేచింది. గాలి వచ్చింది. బొమ్మ ఒక్కసారిగా మోగింది. ఆకాశంలోని పచ్చదనం చెదిరి ఏటి అవతలికి పోయింది.

పడమటి వైపు సాళ్ళలో కంకులు ఉత్త బెండ్లై నిలబడి ఉన్నాయి. ఆమె ఒకదాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"ఇరవై రోజుల నుంచి. ఈ కాకే చెప్పింది, ఇరవై రోజులు గడువిచ్చి."

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?"

"పన్నెండు రోజులు నా పెరట్లోనే చూసుకున్నాను. మూడు రోజులు ఊరుకున్నాను. తరువాత సంతలో చెప్పి, ఊళ్ళు తిరిగాను."

"ఎన్ని ఊళ్ళు?"

"సంతలో విన్నవాటితో కలిపి ముప్పై తొమ్మిది."

"నీ ఇంటి వెనక గట్టెక్కితే కనబడేది నా చేను."

"అందుకే రాలేకపోయాను చెల్లెమ్మా. మంచె విప్పేయమని నీకు నా నోటితో చెప్పాను."

ఆమె ఖాళీ కంకిని అతని చేతిలో పెట్టింది. "కాకి నీకిచ్చింది ఇరవై రోజులు. నువ్వు నాకిచ్చింది ఇవాళ." కొంగు విప్పి మొహం తుడుచుకుంది. "రేపు పొద్దున వచ్చి నా మంచె నాకు కట్టిపెట్టు. కర్రలు కోళ్ళగూట్లో ఉన్నాయి."

అతను మంచె కట్టాడు. కట్టి, దిగలేదు. ఆమె కూలికి పోయినన్నాళ్ళూ, కోత అయ్యేదాకా, పగలంతా దాని మీద కూర్చుని పిట్టలను తోలాడు. అక్కడి నుంచి అతనికి తన బొమ్మ వెనకవైపు కనిపించేది. అన్నేళ్ళూ దాన్ని ఎదురుగా నిలబడే చూశాడు. పిట్టలు వచ్చే వైపు నుంచి అది ఎలా ఉంటుందో అతనికి తెలియదు. తెలుసుకోవాలనిపించింది. చూస్తూ కూర్చున్నాడు.

మరుసటి ఏడు బొమ్మలు కొన్నవాళ్ళు ఒక మార్పు గమనించారు. అతను ఇప్పుడు బొమ్మ గుండె మీద తట్టడం లేదు. "పిట్ట వాలితే వచ్చి నాకు చెప్పండి" అని మాత్రం అంటున్నాడు. అదేం మాట అని కొందరు పక్క ఊరి బొమ్మలవాడి దగ్గరికి పోయారు. ఆమె పోలేదు. కాని కోళ్ళకు వేరే గూడు కట్టుకుంది, మంచెను ఉంచుకుంది.

అతని పెరట్లో ఒక బొమ్మ ఎప్పుడూ నిలబడి ఉండేది. అమ్మడానికి కాదు. తాతల నాటి నుంచి ఊరికే చాచి ఉన్న కుడి అరచేతిలో రోజూ మధ్యాహ్నం ఒక అన్నపు ముద్ద ఉండేది.

జొన్న పొట్ట మీదికి వచ్చిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, వేలు తెగిన కాకి వచ్చి ముద్ద తింది. ఎడమ చేతి మీద వాలింది, బొమ్మ మోగింది. నడుము మీద వాలింది, మోగింది. కుండ మీదికి ఎక్కి, అటూ ఇటూ తల వంచి చూసి, వెనక్కి జారి, మెడ దగ్గర దేన్నో ముక్కుతో నొక్కిపట్టింది.

గిరక ఆగింది.

వెదురు చీలుస్తున్న అతను కత్తి పక్కన పెట్టాడు. లేచి వచ్చి, బొమ్మ వెనక నిలబడి, కాకి ముక్కు పక్కన తల పెట్టి ఆ చోటును చాలాసేపు చూశాడు. అతని మొహంలో దొరికిపోయినవాడి బెదురు లేదు. ఎవరో కొత్త సంగతి చెబుతుంటే వినేవాడి మొహం అది.

"ఒసేవ్," అని లోపలికి కేకవేశాడు, "నా చెప్పులు ఇలా పడెయ్యి."

"కొత్త ముడి కుదరకుండానే చెప్పడానికి పోతావా? ఏ ఊరికి?" అంది భార్య గుమ్మంలోకి వచ్చి.

అతను అప్పటికే ఇంటి వెనక గట్టు వైపు చూస్తున్నాడు.